బొద్దు అబ్బాయి, ముందొచ్చే ఈడు

ఆడపిల్ల పెద్దమనిషైతే ఇల్లంతా తెలుస్తుంది. మగపిల్లాడికి ఈడు చడీచప్పుడు లేకుండా వస్తుంది. బరువెక్కువున్న అబ్బాయిల్లో అది సుమారు ఆరు నెలలు ముందే మొదలవుతోందని ఢిల్లీ బడిపిల్లలపై జరిగిన అధ్యయనం చెబుతోంది. 'ఎత్తు పెరిగితే కొవ్వు దానంతటదే కరుగుతుంది' అని ఎదురుచూసే తల్లిదండ్రులకు ఇది పట్టించుకోవాల్సిన లెక్క.

నోయిడా, గ్రేటర్ నోయిడాల్లో స్థిరపడిన తెలుగువాళ్లు వేసవి సెలవుల్లో సొంతూరికి వెళ్లినప్పుడు కొడుక్కి పంచెల ఫంక్షన్ కూడా జరిపించుకు రావడం పరిపాటి. పదేళ్లు అటూ ఇటూగా ఉన్న కుర్రాడికి పట్టుపంచె కట్టిస్తారు. మేనమామ బట్టలు పెడతాడు. బంధువులు అక్షతలు వేస్తారు. 'మా వాడు పెద్దవాడయ్యాడు' అని తండ్రి నలుగురికీ చెప్పుకుంటాడు. నిజానికి ఆ ముహూర్తానికీ పిల్లాడి ఒంటికీ ఏ సంబంధమూ ఉండదు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లోనో ఏపీ ఎక్స్‌ప్రెస్‌లోనో దొరికిన బెర్తులు, ఊళ్లో ఖాళీగా ఉన్న ఫంక్షన్ హాలు, ఈ రెండే దాన్ని నిర్ణయిస్తాయి. ఆడపిల్ల విషయంలో అలా కాదు. తేదీ ఒళ్లే చెబుతుంది. ఇంటిల్లిపాదికీ ఆ రోజే తెలుస్తుంది.

మగపిల్లాడి ఒంటికి కూడా అలాంటి తేదీ ఒకటి ఉంటుంది. కాకపోతే అది ఎవరి కంటా పడదు. చాలాసార్లు ఆ పిల్లాడికే తెలియదు. గొంతు బొంగురుపోవడం, పైపెదవి మీద నూగు కనిపించడం చూసి 'ఈడొచ్చింది' అనుకుంటాం గానీ, అవి బాగా ఆలస్యంగా వచ్చే గుర్తులు. వైద్యుల లెక్కలో మొదటి గుర్తు వృషణాల పరిమాణం 4 మిల్లీలీటర్లకు చేరడం. దాన్ని పోల్చి చూడటానికి స్విట్జర్లాండ్ పిల్లల వైద్యుడు ఆండ్రియా ప్రాడర్ 1966లో ఒక పరికరాన్ని పరిచయం చేశాడు. పేరు ఆర్కిడోమీటర్. చూడటానికి పూసల దండలా ఉంటుంది. 1 మిల్లీలీటరు నుంచి 25 మిల్లీలీటర్ల దాకా వరుసగా పెరిగే 12 గుడ్డు ఆకారపు పూసలు. ఇన్ని స్కానింగులు వచ్చాక కూడా పిల్లల ఎండోక్రైనాలజిస్టులు దాన్ని పక్కన పెట్టలేదు.

ఆ పూసల కొలతతోనే ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ (ఎయిమ్స్) వైద్యులు, వారి సహచరులు నగరంలోని బడిపిల్లలను పరీక్షించారు. ఆరు నుంచి పదిహేడేళ్ల మధ్య వయసున్న 1,306 మంది ఆరోగ్యవంతులైన అబ్బాయిలపై జరిగిన ఈ అధ్యయనం 2017లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఎండోక్రైనాలజీ అండ్ మెటబాలిజంలో వెలువడింది. యవ్వనారంభానికి మధ్యస్థ వయసు 10.41 ఏళ్లుగా తేలింది. అంటే సగం మందికి పదిన్నర నిండకముందే మొదలైందన్న మాట. అధిక బరువు, ఊబకాయం ఉన్న అబ్బాయిల్లో ఇది మామూలు బరువున్నవారి కంటే సుమారు ఆరు నెలలు ముందుంది. విచిత్రమేమిటంటే వెంట్రుకలు మొలిచే వయసులో మాత్రం రెండు వర్గాల మధ్య తేడా కనిపించలేదు. కంటికి కనిపించే గుర్తు అందరికీ ఒకే సమయంలో వస్తోంది. కనిపించనిదే ముందుకు జరుగుతోంది.

ఒక్కో పిల్లాణ్ని ఏళ్ల తరబడి వెంబడించి చేసిన అధ్యయనం కాదిది. ఒక్కొక్కరిని ఒక్కసారే చూసి, వయసుల వారీగా లెక్క గట్టారు. అయినా ఉత్తరాదిలో మగపిల్లల ఈడు గురించి చేతిలో ఉన్న గట్టి ఆధారాల్లో ఇదొకటి. అది చెప్పే సంగతి యమునకు ఇవతలి గట్టున ఉన్న నోయిడాకు వర్తించదనుకోవడానికి కారణమేమీ లేదు.

1976లో పారిశ్రామిక పట్టణంగా పుట్టి, ఆ తర్వాత ఐటీ కొలువులతో, ఆకాశహర్మ్యాలతో నిండిపోయిన ఈ ఊళ్లో పిల్లాడి రోజు ఎలా గడుస్తుందో ఇక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. పొద్దున్నే గేటు దగ్గరికి బడి బస్సు. సాయంత్రం ట్యూషన్. పద్దెనిమిదో అంతస్తు నుంచి కిందికి దిగి ఆడుకోవాలంటే అమ్మో నాన్నో వెంట ఉండాలి. మే, జూన్ నెలల్లో ఎండకు భయం. దీపావళి దాటితే గాలికి భయం. 2024 నవంబరులో కాలుష్యం తీవ్రమై రాజధాని ప్రాంతంలోని బళ్లు ఆన్‌లైన్ తరగతులకు మారినప్పుడు నోయిడా పిల్లలూ ఇంట్లోనే ఉండిపోయారు. ఇంట్లో పప్పూ పెరుగన్నమూ ఉండనే ఉంటాయి. వాటిపైన బడి దగ్గర చోలే భటూరే, సొసైటీ గేటు దగ్గర మోమోలు, ఫోన్‌లో నొక్కితే పది నిమిషాల్లో గుమ్మం ముందుకొచ్చే చిప్సు, కూల్‌డ్రింకు.

దేశం మొత్తమ్మీద చూస్తే స్థూలకాయ బాలలు ఇంకా తక్కువే. 2016-18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే ప్రకారం 10-19 ఏళ్ల వారిలో అధిక బరువున్నవారు 5 శాతం. బక్కపలచగా ఉన్నవారు 24 శాతం. అయితే సగటు చూసి నిబ్బరపడేందుకు వీల్లేదు. ఆ 5 శాతం దేశమంతటా సమానంగా పరచుకుని లేదు. పట్టణాల్లో, కలిగిన ఇళ్లలో పోగుపడి ఉంది.

ఎదురుచూపుల ఖరీదు

ఆరు నెలలే కదా, ముందొస్తే మునిగిందేమిటి అనిపించవచ్చు. ఒక్క యవ్వనారంభం తేదీనే చూస్తే మునిగేదేమీ లేదు కూడా. పదేళ్ల పిల్లాడికి ఈడు మొదలవడం జబ్బు కాదు. చిక్కంతా మన ఇళ్లలో పాతుకుపోయిన ఒక నమ్మకంతో వస్తుంది. మగపిల్లాడు ఎనిమిదేళ్లకే గుండ్రంగా తయారైతే అమ్మమ్మ సంబరపడుతుంది. తల్లి కాస్త ఆందోళన పడితే, 'ఎదిగే పిల్లాడు, తిననీ. పద్నాలుగు వచ్చేసరికి తాడిలా సాగుతాడు, అంతా సర్దుకుంటుంది' అంటారు. ఆడపిల్ల లావైతే పెళ్లి దాకా ఆలోచించే ఇల్లు, మగపిల్లాడి దగ్గర మాత్రం ఏళ్ల తరబడి గడువు ఇచ్చేస్తుంది.

ఆ గడువు విలువెంతో లెక్క తేల్చింది డెన్మార్క్. అక్కడ బడిపిల్లల ఎత్తు, బరువు దశాబ్దాల పాటు రాసిపెట్టారు. కుర్రాళ్లు సైన్యం పరీక్షలకు వచ్చినప్పుడు మళ్లీ కొలిచారు. ఆ లెక్కల ఆధారంగా 62,565 మంది పురుషుల వివరాలను పరిశీలించి 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. ఏడేళ్లకు అధిక బరువుండి, పదమూడేళ్లలోపే మామూలు బరువుకు వచ్చేసి, ఆ తర్వాత కూడా అలాగే ఉన్నవారికి నడివయసులో మధుమేహం ముప్పు ఎప్పుడూ బరువెక్కని వారితో సమానంగానే ఉంది. చిన్ననాటి లావు మచ్చ కూడా మిగల్లేదన్న మాట. పదమూడేళ్ల నాటికి కూడా బరువుగానే ఉండి, ఆ తర్వాత యౌవనంలో తగ్గినవారికి మాత్రం ముప్పు పూర్తిగా పోలేదు. అసలు తగ్గనివారి కంటే తక్కువ, ఎన్నడూ పెరగనివారి కంటే ఎక్కువ.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు గుండెజబ్బుల మరణాల విషయంలో 2016లో దాదాపు ఇదే చెప్పారు. 37 వేల మందికి పైగా పురుషులను చూస్తే, ఎనిమిదేళ్లకు లావుగా ఉండి ఇరవై ఏళ్లకు సన్నబడినవారికి అదనపు ముప్పు కనిపించలేదు. ఈడు వచ్చే ఏళ్లలో బాగా బరువు పెరిగినవారికే ప్రమాదం ఎక్కువైంది.

ఈ రెండిటి పక్కన ఢిల్లీ అంకెను పెట్టి చూడండి. లోకం దృష్టిలో పదమూడు, పద్నాలుగేళ్లకు 'సాగే' పిల్లాడికి అసలు ప్రక్రియ పదేళ్లకే, బొద్దుగా ఉంటే అంతకంటే ముందే మొదలైపోయింది. మగపిల్లల్లో ఎత్తు అత్యంత వేగంగా పెరిగే దశ యవ్వనారంభమైన తర్వాత దాదాపు రెండేళ్లకు గానీ రాదు. అంటే ఇంట్లో వాళ్లు 'ఇప్పుడిప్పుడే ఎదుగుతున్నాడు' అని గుర్తించే వేళకి సగం దారి గడిచిపోయి ఉంటుంది. బరువు సర్దుకోవడానికి తేలికైన ఏళ్లు నాలుగో తరగతి, అయిదో తరగతిలోనే జారిపోతాయి.

ఎత్తు సంగతి కూడా అనుకున్నట్లు జరగదు. లావుగా ఉన్న పిల్లలు ఎనిమిది, పదేళ్ల వయసులో తోటివారి కంటే పొడుగ్గానే ఉంటారు. క్లాసులో వెనక బెంచీ వాళ్లదే. ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీస్తే ఎముకల వయసు అసలు వయసు కంటే ముందుంటుంది. తర్వాత రావాల్సిన ఎదుగుదలలో కొంత అప్పటికే వాడేసుకున్నట్లు లెక్క. అందుకే యవ్వనంలో వారి ఊపు తోటివారంత ఉండదు. చివరికి తల్లిదండ్రుల ఎత్తును బట్టి ఎంత రావాలో అంతే వస్తుంది. అబ్బాయి విషయంలో ఆ అంచనా కట్టడం తేలిక. తల్లి ఎత్తు, తండ్రి ఎత్తు సెంటీమీటర్లలో కలిపి, 13 జోడించి, రెండుతో భాగిస్తే సరి. ఈ లెక్క చేశాక చాలామంది తండ్రులు నీరుగారిపోతారు, అది వేరే విషయం.

కొవ్వు పంపే కబురు

పిల్లాడి ఒంట్లో ఎంత కొవ్వుందో మెదడుకు ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరికింది 1994లో. అమెరికా శాస్త్రవేత్త జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కొవ్వు కణాలే తయారుచేసే లెప్టిన్ అనే హార్మోన్‌ను కనిపెట్టింది. అప్పటిదాకా కొవ్వంటే ఒంటికి గోదాము మాత్రమే అనుకునేవారు. అది మెదడుకు కబురు పంపుతుందని అప్పుడే తెలిసింది. మూడేళ్ల తర్వాత కేంబ్రిడ్జ్‌లో సదాఫ్ ఫారూఖీ, స్టీఫెన్ ఒ'రాహిలీల బృందం పుట్టుకతోనే లెప్టిన్ లేని ఇద్దరు పిల్లలను గుర్తించింది. పాకిస్తాన్ మూలాలున్న కుటుంబానికి చెందిన దాయాదులు వాళ్లు. ఆకలి తీరక విపరీతంగా బరువెక్కిపోయారు. ఇలా లెప్టిన్ లేనివారికి ఒంటినిండా కొవ్వున్నా యవ్వనం రాదు. కబురందక మెదడు 'ఇంకా కరువే' అనుకుంటుంది. లెప్టిన్ ఇంజెక్షన్లు ఇస్తే ఆకలి తగ్గుతుంది, ఈడు వచ్చే వయసులో ఈడూ వస్తుంది.

అయితే లెప్టిన్ అనుమతి ఇస్తుంది గానీ తాళం తీయదు. తాళం తీసేది మెదడులోని హైపోథాలమస్. అక్కడి నాడీకణాలు విడుదల చేసే కిస్‌పెప్టిన్ అనే పదార్థానికి యవ్వనంతో ఉన్న లంకె 2003లో బయటపడింది. పేరు వెనుక కథ సరదాగా ఉంటుంది. ఆ జన్యువును మొదట గుర్తించింది అమెరికాలోని హెర్షీ అనే ఊళ్లో. ఆ ఊరి పేరున్న కంపెనీ చేసే 'కిసెస్' చాక్లెట్ల మీదుగా దానికా పేరు పెట్టారు. పిల్లల బరువు గురించి రాసేటప్పుడు చాక్లెట్ పేరు తగలడం కాకతాళీయమే. 2021లో ఒ'రాహిలీ బృందమే మరో ముక్క చేర్చింది. ఒంట్లో పోషణ నిల్వలు సరిపడా ఉన్నాయని మెదడులో ఎంసీ3ఆర్ అనే గ్రాహకం గ్రహిస్తుంది. అది సరిగా పనిచేయని వారికి ఈడు ఆలస్యంగా వస్తుంది, ఎత్తూ తక్కువే ఉంటుంది.

ఇదంతా మొదలయ్యేది రాత్రిపూట. తొలి దశలో హార్మోన్ల తరంగాలు పిల్లాడు నిద్రలో ఉన్నప్పుడే లేస్తాయని 1970ల్లోనే తేలింది. ఎవరికీ కనబడని ఈడు అనడం ఒట్టి మాట చమత్కారం కాదు.

బరువు పెరిగేకొద్దీ ఈడు ముందుకు జరుగుతూ పోతుందా? ఇక్కడే శాస్త్రవేత్తలు ఒక మాట మీద లేరు. ఆడపిల్లల్లో ఈ లంకె దశాబ్దాల క్రితమే స్థిరపడింది. మగపిల్లల్లో మాత్రం అమెరికా నుంచి తికమక పెట్టే లెక్కలొచ్చాయి. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాయిస్ లీ బృందం 2010లో 401 మంది అబ్బాయిలను చిన్నప్పటి నుంచి గమనించి, రెండేళ్ల వయసు నుంచీ బాగా లావుగా ఉన్నవారికే పదకొండున్నరేళ్లకు ఇంకా ఈడు రాకుండా ఉండే అవకాశం ఎక్కువని చెప్పింది. అదే పరిశోధకురాలి 2016 అధ్యయనంలో 3,872 మంది అబ్బాయిలను చూస్తే కొంత చిక్కు విడింది. ఓ మోస్తరు బరువెక్కువున్నవారికి ముందు వస్తోంది. మరీ ఊబకాయులకు వెనక్కి జరుగుతోంది. కొవ్వులో ఉండే అరొమటేస్ అనే ఎంజైము మగ హార్మోన్‌ను ఆడ హార్మోన్‌గా మార్చేస్తుందని, అది మెదడులో మొదలయ్యే ప్రక్రియను అణచి ఉంచవచ్చని ఒక వివరణ.

డెన్మార్క్‌లో 2020లో వెలువడిన అధ్యయనం మాత్రం ఊబకాయులకూ ముందే వస్తోందని తేల్చింది. 2022లో చిలీ పరిశోధకులు 527 మంది శాంటియాగో అబ్బాయిలను చూసి అదే మాట అన్నారు. ఢిల్లీ లెక్క ఈ వైపే మొగ్గుతోంది. నా ఉద్దేశంలో మన పిల్లలకు సంబంధించినంతవరకు ఈ వాదులాటలో ఒక సంగతి మరువకూడదు. ఒకే బీఎంఐ దగ్గర తెల్లవారి పిల్లల కంటే భారతీయ పిల్లల ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ. అమెరికా పట్టికలో 'కాస్త బొద్దు' అనిపించుకునేది ఇక్కడ అసలైన ఊబకాయం కావచ్చు. అందుకే భారతీయ పిల్లల వైద్యుల సంఘం (ఐఏపీ) 2015లో సవరించిన ఎదుగుదల చార్టుల్లో పెద్దవాళ్ల 23, 27 బీఎంఐలకు సరితూగే గీతలు గీసింది. మొదటిది దాటితే అధిక బరువు, రెండోది దాటితే ఊబకాయం. విదేశీ చార్టుల్లో ఆ గీతలు 25, 30 దగ్గర ఉంటాయి.

మొత్తం తప్పు బరువు మీదే వేయడమూ సరికాదు. గోథెన్‌బర్గ్‌లో 1947 నుంచి 1996 దాకా పుట్టిన అబ్బాయిల ఎదుగుదల రికార్డులు తీసి చూస్తే, దశాబ్దానికి దాదాపు నెలన్నర చొప్పున వారి ఈడు ముందుకు జరిగింది. బరువు పెరగడాన్ని లెక్కలోంచి తీసేసినా ఆ జరగడం ఆగలేదు. ఇంకా ఏవో కారణాలున్నాయి. ప్లాస్టిక్‌లలోని రసాయనాల మీద అనుమానం ఉంది గానీ మగపిల్లల విషయంలో ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు.

బాఖ్ గాయకులు, రంగారెడ్డి పల్లెలు

తిండికీ ఈడుకూ ఉన్న బంధం ఇవాళ పుట్టింది కాదు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో సంగీతకారుడు బాఖ్ నడిపిన చర్చి గాయకబృందం రికార్డులు చూసి 1970లో ఒక పరిశోధకుడు 1727-49 మధ్య బాలగాయకుల గొంతు ఏ వయసులో మారిందో లెక్కగట్టాడు. దాదాపు పదిహేడేళ్లకు! ఆస్ట్రియా వారసత్వ యుద్ధం నడిచిన 1740లలో, జనం ఇబ్బందుల పాలైన ఆ రోజుల్లో, అది ఇంకా ఆలస్యమైంది. ఇటీవలి కాలానికొస్తే, కోపెన్‌హేగన్‌లోని గాయక పాఠశాలలో 1994-2003 మధ్య 463 మంది అబ్బాయిలను చూస్తే గొంతు మారింది పద్నాలుగేళ్ల దరిదాపుల్లో. ఎనిమిదేళ్లప్పుడు బరువు ఎక్కువగా ఉన్నవారికి మరింత ముందు.

మన దగ్గరి సాక్ష్యం కోసం అంత దూరం వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) శాస్త్రవేత్తలు కె. సత్యనారాయణ, ఎ. నాదముని నాయుడు, బి.ఎస్. నరసింగరావులు చుట్టుపక్కల పల్లెల అబ్బాయిలను చిన్నతనం నుంచి ఏళ్ల తరబడి కొలుస్తూ వచ్చారు. వారి ఫలితాలు 1980లో అచ్చయ్యాయి. అయిదేళ్ల వయసుకే తిండిలేక గిడసబారిన పిల్లలకు ఎదుగుదల ఊపు ఆలస్యంగా వచ్చింది. ఆలస్యంగా మొదలైనందుకు ఎక్కువ కాలం ఎదిగినా, అయిదేళ్లనాటి లోటు మాత్రం పూడలేదు. పొట్టిగానే మిగిలిపోయారు.

ఆ పనికి ఒక కొనసాగింపు కూడా ఉంది. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో కొన్నిచోట్ల గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీల ద్వారా మొక్కజొన్న-సోయా ఉప్మా పెట్టారు. మిగతా ఊళ్లకు ఆ కార్యక్రమం అప్పటికింకా చేరలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యాక 2003-05లో మళ్లీ వెతికి పరీక్షించారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. కొవ్వు పెరగలేదు. ఇన్సులిన్ కూడా మెరుగ్గా పనిచేస్తోంది. కడుపులో ఉన్నప్పుడు, తొలి ఏళ్లలో పెట్టిన తిండి ఎత్తుగా మారిందన్న మాట.

అదే తిండి ఆలస్యంగా, అతిగా పెడితే? దీనికి జవాబు నోయిడా నుంచి యమున దాటి కాస్త దూరం వెళితే దొరికే లాజ్‌పత్ నగర్‌లో ఉంది. దక్షిణ ఢిల్లీలోని ఆ ప్రాంతంలో 1969-72 మధ్య పుట్టిన పిల్లలను పుట్టినప్పటి నుంచి క్రమం తప్పకుండా కొలిచారు. వారిలో 1,492 మందిని 26-32 ఏళ్ల వయసులో పరీక్షించి 2004లో ఫలితాలు వెల్లడించారు. మధుమేహం, లేదా దాని ముందు దశ పట్టుకున్నవారు రెండేళ్ల దాకా సన్నగా ఉండి, ఆ తర్వాత గబగబా బరువు పుంజుకున్నవారే. అసలైన హెచ్చరిక ఇంకొకటుంది. వారిలో ఏ ఒక్కరూ పన్నెండేళ్లకు ఊబకాయులు కారు. చూసినవాళ్లు 'ఇప్పుడు కాస్త ఒళ్లు చేశాడు, బాగున్నాడు' అనుకుని ఉండాల్సిన పిల్లలే వాళ్లంతా.

ఇక్కడి నుంచి స్వీడన్‌కు దత్తత వెళ్లిన ఆడపిల్లల్లో ఇదే కథ మరో రూపంలో కనిపించింది. 1991లో వెలువడిన అధ్యయనంలో అలాంటి 107 మంది పెద్దమనిషైన మధ్యస్థ వయసు 11.6 ఏళ్లే. ముందు అర్ధాకలి, తర్వాత ఒక్కసారిగా సమృద్ధి. ఈడు పరుగెత్తుకొచ్చింది. తాతల తరం కరువు చూసి, తండ్రుల తరం హాస్టల్ మెస్సులో పెరిగి, కొడుకుల తరం నోయిడా ఫుడ్‌కోర్టులో తింటున్న మన కుటుంబాల్లో ఈ మలుపు రెండు తరాల్లోనే తిరిగింది.

మెడ మీది నలుపు

లావుగా ఉన్న అబ్బాయిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే తల్లిదండ్రులు చాలామంది బరువు గురించి వెళ్లరు. అంగం చిన్నగా ఉందని, మగతనానికి ఏదైనా లోపమేమోనని గుసగుసగా అడుగుతారు. పొత్తికడుపు కింద కొవ్వు పేరుకుని దాన్ని కప్పేయడమే దాదాపు అన్ని కేసుల్లోనూ అసలు సంగతి. సరిగా కొలిస్తే మామూలుగానే ఉంటుంది. బరువు తగ్గడం తప్ప దానికి మందక్కర్లేదు. ఈ భయంతోనే ఎవరో చెప్పారని హార్మోన్ ఇంజెక్షన్లు వేయించడం మాత్రం నిజంగా ప్రమాదం. మగ హార్మోన్ అనవసరంగా ఎక్కితే ఎముకల చివర్లు తొందరగా మూసుకుపోయి, రావాల్సిన ఎత్తు కూడా రాదు.

రెండోది ఛాతీ. ఈడు వచ్చే దశలో మామూలు పిల్లల్లో కూడా చాలామందికి ఛాతీ కింద చిన్న గడ్డలా వచ్చి ఏడాది, రెండేళ్లలో పోతుంది. లావు పిల్లల్లో కొవ్వు కూడా తోడై ఎక్కువ కనిపిస్తుంది. ఈత తరగతికి వెళ్లనని మొండికేసే, ఎండాకాలంలోనూ జాకెట్ విప్పని కుర్రాడి వెనుక చాలాసార్లు ఉండేది ఇదే. బడిలో వాడికి పెట్టిన పేరేమిటో ఇంట్లో చెప్పడు.

మెడ వెనక, చంకల్లో కనిపించే నల్లటి మందపాటి చార మూడోది. మురికనుకుని తల్లులు సున్నిపిండి పెట్టి రుద్దుతుంటారు. అది ఎంత రుద్దినా పోదు. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని చర్మం చెబుతున్న మాట అది. యవ్వనంలో సహజంగానే ఇన్సులిన్ పనితీరు కొంత మందగిస్తుంది. అప్పటికే మెడ నల్లబడిన పిల్లాడికి ఆ రెండూ కలిసొస్తాయి. ఇంటి మొత్తంలో ఇంతకంటే చవకైన పరీక్ష లేదు.

ఇక ఏ ఇద్దరు తల్లులు కలిసినా వచ్చే మాట బ్రాయిలర్ కోడి. కోడికి హార్మోన్లు ఎక్కిస్తారని, అవే పిల్లల్ని ముందే పెద్దవాళ్లను చేస్తున్నాయని గట్టి నమ్మకం. కోడి ఆరు వారాల్లో పెరగడానికి కారణం జాతి ఎంపిక, మేత. కోళ్ల పరిశ్రమలో నిజంగా చర్చించాల్సింది యాంటీబయాటిక్స్ వాడకం. పాల గేదెలకు వేసే ఆక్సిటోసిన్ మీదా ఇదే భయం. అది చిన్న ప్రొటీన్ లాంటి హార్మోన్, పాలతో పాటు వచ్చినా కడుపులో జీర్ణమైపోతుంది. కోడిని అనుమానించే ఇంట్లోనే పాలలో రెండేసి చెంచాల చక్కెర పొడి కలపడం చూస్తుంటాం. బోర్న్‌విటా సహా అలాంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్స్' విభాగం నుంచి తీసేయాలని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ అమ్మకం సంస్థలకు చెప్పాల్సి వచ్చింది.

బరువు వంక పెట్టి వదిలేయకూడని సందర్భం ఒకటుంది. అబ్బాయికి తొమ్మిదేళ్లు నిండకముందే యవ్వన లక్షణాలు కనిపిస్తే అది లావు వల్లేనని సరిపెట్టుకోకూడదు. ఆడపిల్లల్లో ముందుగా ఈడు రావడానికి ఎక్కువసార్లు కారణమేమీ దొరకదు. మగపిల్లల్లో అలా కాదు. మెదడులోనో అడ్రినల్ గ్రంథిలోనో గడ్డ వంటి కారణం బయటపడే అవకాశం వీరిలో బాగా ఎక్కువ. అలాగే పద్నాలుగేళ్లు దాటినా ఏ మార్పూ లేకపోతే, 'వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చింది' అన్నది చాలాసార్లు నిజమే అయినా, పరీక్ష చేయించాకే ఆ మాట అనుకోవాలి. నోయిడా సెక్టార్ 30లో పిల్లల కోసమే ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది. ఎయిమ్స్ కూడా దూరమేమీ కాదు.

మిగతా పిల్లలకు ఆసుపత్రి కంటే ఇల్లూ బడీ ముఖ్యం. ఎదిగే వయసులో పస్తులు పెట్టడం, అన్నం మాన్పించడం పొరపాటు. చాలామంది పిల్లలకు కిలోలు తగ్గాల్సిన పని కూడా లేదు. ఎత్తు పెరుగుతుండగా బరువును ఉన్నచోట ఆపగలిగితే చాలు, ఏడాది తిరిగేసరికి బీఎంఐ దిగుతుంది. ఎత్తు పెరగడమన్నది పదేళ్ల వాడికి ఉన్న పెట్టుబడి. పదహారేళ్ల వాడికి అది దాదాపు అయిపోయి ఉంటుంది. బడికి 50 మీటర్లలోపు కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న తినుబండారాలు అమ్మరాదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. బడి వదిలే వేళ ఏ గేటు దగ్గరైనా నిలబడితే దాని అమలెంతో తెలుస్తుంది. రోజుకు ఎంత చక్కెర తినవచ్చో, ఏ కూల్‌డ్రింకులో ఎంతుందో రాసిన 'షుగర్ బోర్డులు' పెట్టాలని 2025 మేలో సీబీఎస్ఈ తన బళ్లను ఆదేశించింది. బోర్డు ఉన్న గోడకు అవతలే క్యాంటీన్ ఉంటే ఆ లెక్కలు చదివేదెవరన్నది వేరే ప్రశ్న.

చాలా బళ్ల ప్రోగ్రెస్ రిపోర్టులో ఎత్తు, బరువు అని రెండు గళ్లుంటాయి. వ్యాయామం మాస్టారు ఏడాదికి రెండుసార్లు పిల్లలను వరుసలో నిలబెట్టి కొలిచి రాస్తారు. గణితంలో రెండు మార్కులు తగ్గితే బడికి పరుగెత్తే తల్లిదండ్రులు ఆ గళ్ల వైపు చూడరు. ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా ఉన్న ఆ పది జతల అంకెలను ఐఏపీ చార్టు మీద చుక్కలుగా పెట్టి కలిపితే, పిల్లాడి గీత ఏ ఏడాది పైకి తిరిగిందో చూపించడానికి డాక్టరు కూడా అక్కర్లేదు.